తాడు పట్టేవాడు

ఫిబ్రవరి 2

రేపు మల్ల వస్తాండారు. కాలేజీ పిల్లోల్లు. సార్ ఫోన్ చేసి, ‘‘గురవమ్మగారూ, ఈసారి మా కమ్యూనిటీ పార్ట్‌నర్ మీరే’’ అన్నాడు. అంటే ఏమి సార్ అంటే శానాసేపు చెప్పినాడు. నాకు అర్థమయింది ఒకటే. గూడెంలో ఎవురు పలక్కపోయినా నేను పలకల్ల.

పోయినేడు వచ్చినోల్లు నేను పనిచేసే అంగన్‌వాడీ గోడ మీద నెమలి బొమ్మ వేసి పోయినారు. సబ్బుతో చేతులు యట్ల కడుక్కోవాల్నో పిల్లోల్లకు నేర్పిచ్చి ఫొటోలు తీసుకున్నారు. కొళాయికి నీల్లు రాక మూన్నెల్లాయె, ఆ ఊసెత్తినోడు లేడు! అంతకుముందేడు నాటిన మొక్కల్లో ఒకటి బతికింది. అదీ మేకల కంట పడక.

సర్లే, రానీ. ఊరికే ఎవురూ చెంచు గూడేనికి ఇంత దూరం రారు. ఈసారి ఏం కావాల్నో చూస్తాం.

ఫిబ్రవరి 3

వచ్చినారు. బస్సు తారురోడ్డు కాడ్నే నిలబడిపాయ. ఇరవై మంది, వీపుకు సంచులు. నా మెడలో ఒక కార్డు వేసినారు. దాని మీద నా పేరు, నా ఫొటో. నా ఫొటో వీల్లకు ఎవురిచ్చినారు? ఏదో కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు.

సార్ అరుగు మీద నిలబడి, ‘‘మేము మీకు నేర్పడానికి రాలేదు, మీ దగ్గర నేర్చుకోవడానికి వచ్చాం’’ అన్నాడు. చప్పట్లు. నా మొగుడు అంకన్న నా చెవులో... ‘‘నేర్చుకొని ఏం చేస్తారంట?’’ నేనూ అదే అనుకుంటాండా.

ఒక పాప డైరీ తెచ్చి ఇచ్చింది. లోపల కాలేజీ పెద్దసారు ఫొటో. ‘‘రోజూ మీ అనుభవాలు రాయండమ్మా, మేము చదువుతాం.’’ చదువుతావా తల్లీ! దాన్ని అంగన్‌వాడీ పిల్లోల్లకు గీతలు గీసుకునేదానికి ఇచ్చేసినా. నేను రాసుకునేది ఈ నోటుబుక్కులోనే. ఇది బియ్యం డబ్బా అడుగున ఉంటాది.

ఆ పాప పేరు హారిక. కడప సైడు, మాధవరం. ఇంట్లో మగ్గం నేస్తారంట. కండ్లు ఒక్కచోట నిలవవు ఆ పిల్లకు. అన్నీ చూస్తాది, అన్నీ రాసుకుంటాది.

ఫిబ్రవరి 4

ఈపొద్దు మాత్రం బాగుండె. ఉన్నదున్నట్ల రాసుకోవల్ల కదా.

అంగన్‌వాడీ ముందర బయలంతా ఊడ్చి ముగ్గుపిండి, రంగులు తెచ్చి పెట్టినారు. ‘‘మీ గూడెం మ్యాపు మీరే వేయండి’’ అన్నాడు సార్. ఆడోల్లు ఒకరినొకరు తోసుకుంటా నవ్వులే నవ్వులు. ఎవురూ చెయ్యి పెట్టరు. చూసి చూసి నేనే కూచున్నా. ఆశ్రమ పాఠశాలలో మ్యాపు గీసేదాంట్లో నన్ను మించినోల్లు లేకుండిరి. మొదలు ఇండ్లు. మల్ల వాగు. మల్ల శ్రీశైలం పోయే కాలిదోవ. నీల్లుండే చోట్లకు నీలం. గడ్డలు తవ్వే చోట్లకు పచ్చ. తేనె బండలకు పసుపు చుక్కలు, హారిక పేర్లడిగితే చెప్పినా. నా తమ్ముడు లింగడు పక్కనే నిలబడి, ‘‘అక్కా, ఇవన్నీ నీకు యట్ల తెలుసే!’’ అంటాండె. పదిహేనేండ్లు మొగుని ఎనక అడివి తిరిగితే తెలీదా?

అందరూ ఫోన్లెత్తి ఫొటోలు. ‘‘మా జాగ్రఫీ పిల్లలు కూడా ఇంత బాగా వేయలేరు’’ అని సార్. నడుము పట్టుకుపోయింది, ఐనా సంతోషం. అంకన్న ఆత్మకూరు పోయుండె, చూడలేదు. వచ్చేలోపల మేకలు తొక్కి అంతా ఏకం చేసినాయి. సచ్చినోటి మేకలు.

ఫిబ్రవరి 5

లింగడు నలుగురు పిల్లోల్లను అడివిలోకి తీసకపోయినాడు. సాయంత్రం కాల్లకు బూట్లతో వచ్చినాడు.

‘‘యాడివిరా?’’

‘‘వాల్లే ఇచ్చినారక్కా.’’

‘‘ఊరికేనా?’’

నవ్వినాడు. ఊరికే ఎవురిస్తారప్పా బూట్లు! అంకన్న చూసినాడు, ఏమీ అనలేదు. ఏమన్నా అంటే నాకు భయం లేదు. అనకుంటేనే భయం.

ఫిబ్రవరి 7

పోయినారు. గోడ మీది నెమలికి కొత్త రంగు. కొళాయికి అదే గతి.

ఫిబ్రవరి 18

శివరాత్రికి శ్రీశైలం కొండకు నడిచిపోయేటోల్లు అయిపోయినారు. దోవ పొడుగునా ప్లాస్టిక్ గ్లాసులు. అంకన్న, లింగడు ఇద్దరూ కలిసి ఏరి తగలబెట్టినారు. బావా అంటే బావా అనుకుంటా బాగానే ఉండారు. నాదే పాడు మనసు.

మార్చి 2

అంకన్న పెద్దబండ కిందికి పోయి చూసొచ్చినాడు. పదిహేడు తేనెపట్లు! ఇంత ఎప్పుడూ పట్టలేదంట. తేనె పండేదానికి ఇంకా నెల కావల్ల. అందాక ముట్టేది లేదు. ముట్టినా మొత్తం కోయం, తేనెటీగలకు మిగల్చల్ల. ఎవురి బండ వాల్లది. పెద్దబండ మాది, మా మామ తాతల కాన్నుంచి.

కొత్త నారతాడు పేనుతాండాడు. పైన చెట్టుకు కట్టి, దాన్ని పట్టుకొని అంకన్న బండ అంచు మీద నుంచి దిగుతాడు. కింద చూస్తే మనుషులు కనపడరు, అంత లోతు. పైన తాడు కాడ ఉండేది లింగడు. మాలో కట్టుబాటు అది. పెండ్లాం తోడబుట్టినోడే తాడు పట్టల్ల. సొంత అన్నదమ్ములు పనికిరారు. దిగినోడు పోతే వాని పెండ్లాన్ని చేసుకుందామని అన్నదమ్మునికి ఆశ పుట్టొచ్చునంట. బామ్మర్దికి యాడిది ఆశ? వాని అక్కే కదా ముండమోసేది. అంత అనుమానంతో ఆలోచించి పెట్టినారు మా పెద్దోల్లు. నా గుణం యాడ్నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసె.

లింగడు మొదటిసారి తాడు కాడ నిలబడిన పొద్దు నేను ఏడ్చినా. పద్దెనిమిదేండ్లు వానికి. ‘‘నీ బొట్టు నా చేతిలో ఉండాది, యాడికీ పోదులేక్కా’’ అనె.

మార్చి 20

ఉగాదికి కొండకు పోయే కన్నడపోల్లు కుంటుకుంటా వాపసు వస్తాండారు. నీల్లడిగితే ఇచ్చినా. ఒకాయన అడివి దిక్కు చూసి ‘ఈడ తేనె దొరుకుతాదా’ అని సైగ చేసినాడు. దొరకదన్నా.

మార్చి 24

పెద్దబండ ఖాళీ.

అంకన్న మధ్యాన్నం వచ్చి గడపలో కూలబడె. పదిహేడుకు పదిహేడూ కోసుకపోయినారు. మంట పెట్టి కాల్చినారు. తేనె పండనే లేదు, పిల్ల పురుగులతో సహా పిండుకపోయినారు. బండ కింద ఈగలు కుప్పలు. పైన చెట్టుకు నైలాన్ తాడు ముక్క. మావోల్లెవురూ నైలాన్ తాడుతో దిగరు.

ఏడాది ఆశ పాయె. నేను కూడేసిన పల్లెం ఆయన ముందర అట్లే ఉండె, ఈగలు వాలుతాంటే కూడా తోలలేదు.

దోవ తెలీకుండా ఆడికి ఎవురూ పోలేరు. చెప్పినోడు ఒకడు ఉండాడు. ఎవురు?

మార్చి 25

గూడెమంతా అరుగు కాడ చేరినారు. అంకన్న నేరుగా లింగన్నే అడిగినాడు.

‘‘ఆ పిల్లోల్లను అడివంతా తిప్పిందెవురు?’’

‘‘నేనే బావా. వాగు దాకా తీసకపోయినా. బండ కాడికి కాదు.’’

‘‘వాగు చూపిచ్చినందుకేనా బూట్లు?’’

లింగడు నా దిక్కు ఒకసారి చూసినాడు. మల్ల తల దించుకున్నాడు. నాలుగుసార్లు అడిగినా నోరు తెరవలేదు. తప్పు చేయనోడు తల ఎందుకు దించుకుంటాడు? నాకట్లే అనిపించె. తోడబుట్టినోడని వెనకేసుకు రాలేకపోయినా.

మార్చి 26

‘‘ఇంక నీ తమ్ముడు నా తాడు ముట్టడు.’’

అంతే అన్నాడు అంకన్న. మాపుకల్లా గూడెమంతా ఆ మాటే. బామ్మర్దిని తాడు కాన్నుంచి తీసేస్తే ఇంక వానికి మిగిలేదేముండాది? దానికంటే నాలుగు తన్నింటే మేలు. వానికి పిల్లనిస్తామన్నోల్లు నిన్నటి నుంచి మా ఇంటి దిక్కే చూడడంలే.

మార్చి 29

లింగడు నీల్లకు పోయినప్పుడు వాని ఫోన్ తీసి చూసినా. సిగ్గు లేదు నాకు. మేకల ఫొటోలు, వాని మొగం ఫొటోలు పదో పన్నెండో. సార్‌కు రెండుసార్లు ఫోన్ చేసినాడు. రెండుసార్లు ఎందుకు? అడిగితే, ‘‘అడివిలో నాతో వచ్చినోల్లలో ఒక పిల్లోనికి జొరమొచ్చె, బాగుండాడా అని’’ అన్నాడు.

నమ్మాల్నా?

ఏప్రిల్ 2

సార్ ఫోన్. రెండో విడత వస్తారంట. ‘‘మీకు ఒక సర్‌ప్రైజ్ తెస్తున్నాం గురవమ్మగారూ.’’ నాకు ఆ మాట వింటేనే దడ.

ఏప్రిల్ 6

ఫ్లెక్సీ తెచ్చినారు. తలుపంత ఉండాది.

‘‘మీ మ్యాపే అమ్మా, మీకే ఇస్తాండాము’’ అని హారిక, మొగమంతా నవ్వు. నా ముగ్గు. నేను వేసిన వాగు, నేను వేసిన దోవ. పసుపు చుక్కల పక్కన అచ్చు అక్షరాలు... పెద్దబండ, నక్కలబండ. గూడెం నుంచి యాడికి ఎంత దూరమో కూడా వేసినారు. మూలకు నా పేరు, నా ఫొటో.

అందరూ చప్పట్లు. నన్ను పక్కన నిలబెట్టి ఫొటో తీసినారు. నవ్వమంటే నవ్వినా. నవ్వినా నేను!

ముగ్గంటే పొద్దున వేస్తే మాపుకు ఉండదు. వేసేటప్పుడే తెలుసు కదా, తొక్కుతారు, చిమ్ముతారు, పోతాది. మేకలు తొక్కినప్పుడు నేను వాటినే తిట్టినా. వాల్ల ఫోన్లలో అది చెరగకుండా ఉండాదని నాకు తట్టనే లేదు. పిల్లోల్లను, లింగన్ని, కన్నడపోల్లను... అందర్నీ అనుమానించినా. నా చెయ్యి మీద మాత్రం అనుమానం రాలే.

గోడకు కొడ్తామంటే మేకులు లేవన్నా. చుట్టి తెచ్చి మంచం కింద పెట్టినా. అంకన్న అప్పటికి అడివిలో ఉండె. గూడెమోల్లు నా ఫొటో చూసి మురిసినారు. ఎవురికి అర్థమయిందో, ఎవురికి కాలేదో. మాట్లాడకుండా పోయినోల్లు ఇద్దరు ముగ్గురు ఉండారు.

ఏప్రిల్ 7

హారికను ఒక్కదాన్ని పిలిచి కూచోబెట్టినా.

‘‘ఈ బొమ్మ ఎవురెవురు చూసినారు పాపా?’’

‘‘కాలేజీ పేజీలో పెట్టినామమ్మా. శానామంది చూసినారు. ప్రైజు కూడా వచ్చింది.’’

‘‘ఎప్పుడు పెట్టినారు?’’

‘‘ఫిబ్రవరి ఆఖర్లో.’’

పెద్దబండ సంగతి చెప్పినా. ఆ పిల్ల మొగం సున్నమేసినట్ల అయిపాయ. ఫోన్ తీసి అప్పటికప్పుడు ఎవురికో చెప్పి దాన్ని తీయించేసింది. కోసుకపోయినాక తీస్తే ఏం లాభం?

మల్ల కొంచెంసేపటికి తనే చెప్పింది. వాల్ల నాయన చీరకు కొత్త అంచు కట్టినాడంట. ఎవురో వచ్చి ‘శానా బాగుండాదప్పా’ అని ఫోన్లో పట్టుకపోయినారంట. మూన్నెల్లకు అదే అంచు మిల్లు చీరల మీద ప్రొద్దుటూరు బజార్లో. నాయన నెల దినాలు మగ్గం గుంటలో దిగలేదంట.

‘‘అంత తెలిసీ ఎట్ల పెట్టినావే మరి?’’

ఏడ్చింది. ‘‘మా నాయన పేరు ఎవురూ వేయలేదమ్మా. మీ పేరు వేసినాము కదా, అందుకే తప్పు కాదనుకున్నా...’’

పేరు వేస్తే సరిపోతాది అనుకుంది పిచ్చిది. పాపమనిపించె. చెంప పగలగొట్టాలనీ అనిపించె. మల్ల సంచిలో నుంచి ఒక కాగితం తీసి చూపింది. మేము ఇచ్చే వివరాలు అందరికీ చూపొచ్చునని రాసి ఉండాది. కింద నా సంతకం. మొదటి పొద్దు కార్డుతో పాటు పెట్టిందే. చదవకుండానే పెట్టినా. పదో తరగతి పాసయిన ఏడుపు నాది!

ఐనా దాన్ని చూసే వచ్చినారని ఎట్ల చెప్పేది? ఆ కన్నడాయన కావచ్చు. లింగడే కావచ్చు. వాడే అయింటే బాగుండని నా మనసు అంటాండాది. తూ... నా బతుకు. తోడబుట్టినోడు దొంగ కావాలని కోరుకునే అక్క ఉంటాదా యాడన్నా?

ఏప్రిల్ 8

ఇంకా ఘోరం.

మా రెండో బండ నక్కలబండకు అయిదు పట్లు మిగిలినాయి. అవీ పోకముందే దిగుతానంటాడు అంకన్న. ఎల్లుండే. ‘‘తాడు కాడ ఎవురు?’’ అంటే, ‘‘కాలేజీ పిల్లోల్లు ఇద్దరు’’ అన్నాడు! కబడ్డీ ఆడే పిల్లోల్లంట, కండలుండాయంట. సార్‌ను అడగనే అడిగినాడు. ‘‘మా పిల్లలకు ఇంతకంటే గొప్ప అనుభవం ఏముంటుంది’’ అని సార్ సంబరం.

‘‘నీకేమన్నా మతి పోయిందా? తాడు ఎప్పుడు వదలాల్నో, ఎప్పుడు బిగబట్టాల్నో వాల్లకేం తెలుసు? ఈగలు లేస్తే ఆడ నిలబడతారా వాల్లు?’’

‘‘ఊరు కానోల్లే మేలు. నేను చచ్చినా వాల్లకు లాభం లేదు.’’

ఆ మాట అని నా మొగం దిక్కు చూసినాడు. నన్నూ కలిపే అన్నాడేమో. నా తమ్ముడు, నేను, ఇద్దరం ఒకటే కదా ఆయనకు.

చెప్తే ఇది ఆగుతాది. నేనే వేసినానయ్యా ఆ చుక్కలు అని ఒక్క మాట. రెండుసార్లు నోటి దాకా వచ్చె. చెప్తే నన్ను ఇంట్లో ఉండనిస్తాడా? గూడెం ఉండనిస్తాదా?

చెప్పలేదు.

ఏప్రిల్ 9

పొద్దున లింగని గుడిసెకు పోయినా. సంచి సర్దుకుంటాండాడు. రేపు మొదటి బస్సుకు ఆత్మకూరు, ఆడ్నుంచి కర్నూలు, యాడన్నా కూలికి పోతాడంట.

‘‘రేయ్ లింగా, ఆ ముగ్గు వేసింది నేను...’’

‘‘తెలుసులేక్కా.’’

సంచి ముడి వేస్తానే ఉండాడు.

‘‘ఏం తెలుసురా?’’

‘‘నేను పక్కనే ఉంటి కదా. పెద్దబండ పట్లు పోయిన పొద్దే తెలుసు. పిల్లోల్ల ఫోన్లలో ఆ బొమ్మ ఉండాదని. తీసేయండి అని సార్‌కు రెండుసార్లు ఫోన్ చేసినా. ఆయన ఎత్తలేదు.’’

జొరమొచ్చిన పిల్లోడు అబద్ధమంట.

‘‘అందరి ముందర మరి నోరెందుకు మూసుకున్నావురా, దొంగ పేరు మోసుకుంటా?’’

‘‘బావకు నా మీద కోపమొస్తే తాడొక్కటే పోతాది. నీ మీద వస్తే ఇల్లు పోతాది కదక్కా.’’

వాన్ని కొట్టినా. ఎందుకు కొట్టినానో తెలీదు. వీపు మీద రెండు దెబ్బలు కొట్టి, పట్టుకొని ఏడ్చినా. వాడు మాత్రం సంచి వదల్లేదు.

మాపుకు అంకన్న కాల్లు కడుక్కొని లోపలికి వచ్చినాక ఫ్లెక్సీ తీసి ముందర పరిచినా. అంతా చెప్పేసినా. ముగ్గు, సంతకం, ఫొటో, లింగడు నోరు మూసుకుంది, వాని ఫోన్ నేను చూసింది. ఒక్కటీ దాచలే.

అంకన్నకు అక్షరాలు రావు. వేలు పెట్టి వాగు ఎంబడి పోయినాడు. దోవ దాటినాడు. పసుపు చుక్క మీద వేలు ఆపినాడు.

‘‘ఇది పెద్దబండ.’’

‘‘ఊ.’’

‘‘సరిగ్గా వేసినావు.’’

అంతే. తిట్టింటే బాగుండు. లేచి బయటికి పోయి తాడు ముందర వేసుకొని కూచున్నాడు. మూర మూర పట్టి చూస్తానే ఉండాడు. ‘‘కబడ్డీ పిల్లోల్లు వద్దయ్యా, నీ కాల్లు మొక్కుతా’’ అన్నా. పలకలేదు. ‘‘లింగడు పొద్దున్నే పోతాండాడు’’ అన్నా. ఇంకో మూర పట్టినాడు.

ఏప్రిల్ 10

నేను లేచేసరికి ఆయన లేడు. తాడు లేదు. కత్తి లేదు. నన్ను లేపలేదు. ఎప్పుడు దిగినా బొట్టు పెట్టిచ్చుకొని పోయే మనిషి.

లింగని గుడిసె తెరిచి ఉండాది. వాడు లేడు, సంచి లేదు. బస్సుకే పోయినాడో, సంచితో సహా బావ ఎనక పోయినాడో. పక్కింటామెను అడిగితే, ‘‘చీకట్లో ఎవురో వచ్చి పిలిచినట్ల ఉండె’’ అంటాది. ఎవురు పిలిచినారు? ‘‘ఏమోనమ్మా, కల కూడా కావచ్చు.’’ ఇట్లాంటామె పక్కింట్లో ఉండి ఏం లాభం!

సార్, ఆ ఇద్దరు పిల్లోల్లు, ఇంకొందరు తెల్లారక ముందే పోయినారంట. హారిక కూడా. తాడు కాడ నిలబడేదానికా, చూసేదానికా, చెప్పేటోల్లు లేరు. లింగని ఫోన్ మోగుతాది, ఎత్తడంలే. నేనూ పోదామంటే మొగుడు దిగేటప్పుడు పెండ్లాం ఆడికి రాకూడదు, అది కూడా కట్టుబాటే.

అంగన్‌వాడీకి వచ్చి కూచున్నా. పిల్లోల్లకు గిన్నెలో బాలామృతం పిండి కలిపినా, నీల్లెక్కువయినాయి. అది జావంటే జావ కాదు, ముద్దంటే ముద్ద కాదు. తింటాండారు పాపం. ఈ నోటుబుక్కు మొదటిసారి ఇల్లు దాటి తెచ్చినా. చేతులకు ఏదో ఒక పని ఉండల్ల.

పదకొండు కావస్తాండాది. ఈపాటికి దిగే ఉంటాడు. పొగ వేసి ఉంటారు.

ఒకటి రాసుకుంటా. ఆయన నన్ను ఇంట్లో నుంచి తరిమినా సరే. పైన ఉండేది నా తమ్ముడైతే చాలు.

వాగు అవతల ఎవురో వస్తాండారు.

హారిక. ఒక్కతే. పరిగెత్తడంలే... నడుస్తాండాది. ఎండ కండ్లలో కొడ్తాండాది, మొగం కనపడడంలే. చెయ్యి ఎత్తింది. పిలుస్తాండాదా, ఆగమంటాండాదా...